లోపల గుల్ల... పైన కరకర!

ఓవెన్ కొన్న ఇంట్లో మొదటి నెల ఎలా గడుస్తుందో చెప్పనా? మొదటి వారం కేక్. రెండో వారం కుకీస్. మూడో వారం పిజ్జా. నాలుగో వారానికి దాని మీద ఓ గుడ్డ కప్పేసి, పైన పాత పేపర్లు పెట్టేస్తారు. నరసరావుపేట అయినా, మాచర్ల అయినా, గురజాల అయినా కథ ఇంతే.

ఆ మధ్యలో ఓ రోజు రీల్‌లో చూసిన వంటకం ఏదో ట్రై చేసి ఉంటారు. అక్కడేమో బెలూన్‌లా పొంగింది. మన ట్రేలో మాత్రం అట్టులా అణిగిపోయింది. మూడు గుడ్లు, గ్లాసు పాలు, గంట కరెంటు పోయాయి. పైగా ఇంట్లో వాళ్ల డైలాగ్ ఒకటి: "దానికి హస్తవాసి ఉండాలమ్మా!"

ఈ వారం మనం ఆ మాట సంగతి తేల్చేద్దాం. పొంగడానికి హస్తవాసి అక్కర్లేదు. కావాల్సింది నీళ్లు, వేడి, మూసిన తలుపు. అంతే! ఈ మూడింటినీ అర్థం చేసుకోవడానికి పాప్‌ఓవర్‌ని మించిన వంటకం లేదు. ఎందుకంటే ఇందులో బేకింగ్ పౌడర్ లేదు, సోడా లేదు, ఈస్ట్ లేదు. అయినా గ్లాసు అంచు దాటి, టోపీ పెట్టుకున్నట్టు పైకి లేస్తుంది. విరిస్తే లోపల అంతా ఖాళీ. అచ్చం పూరీలాగే.

ఎక్కడిదీ వంటకం?

పుట్టిల్లు ఇంగ్లాండ్. అక్కడ మాంసం కాలుస్తున్నప్పుడు కింద కారే కొవ్వు వృథా పోకుండా, ఆ వేడి కొవ్వులో గుడ్లు, పాలు, పిండి కలిపిన జారు పోసేవారు. అది పొంగి కరకరలాడేది. దానికి యార్క్‌షైర్ పుడ్డింగ్ అనే పేరుతో వంట విధానం 1747లో హన్నా గ్లాస్ రాసిన పుస్తకంలో ఉంది. పుడ్డింగ్ అన్నారు కదా అని తీపి అనుకోకండి. ఉప్పటి వంటకమే. కూరతో, గ్రేవీతో తింటారు.

అమెరికా వెళ్లాక దీని రూపం మారింది. మాంసం కొవ్వు పోయి వెన్న వచ్చింది. వెడల్పు పళ్లెం పోయి పొడుగు గిన్నెలు వచ్చాయి. గిన్నె అంచు మీదుగా పొంగి వస్తుంది కాబట్టి పాప్‌ఓవర్ అన్నారు. మెయిన్ రాష్ట్రంలో అకేడియా నేషనల్ పార్క్‌కి వెళ్లిన మనవాళ్లు ఎవరైనా ఉంటే అడిగి చూడండి. అక్కడి జోర్డన్ పాండ్ హౌస్‌కి పాప్‌ఓవర్లంటే పెద్ద పేరు.

పొంగడం గురించి ఇంగ్లాండ్ వాళ్ల పట్టింపు ఎంతో తెలుసా? 2008లో అక్కడి రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ, అంటే రసాయన శాస్త్రవేత్తల సంఘం, ఓ తీర్పు చెప్పేసింది. 4 అంగుళాలు లేవకపోతే అది యార్క్‌షైర్ పుడ్డింగే కాదు అని! కెమిస్ట్రీ వాళ్లు కలగజేసుకున్నారంటే ఇది హస్తవాసి వ్యవహారం కాదని అర్థం అవుతోంది కదా.

మన వంటింట్లో పొంగేవి మూడు రకాలు

ఒకటి ఇడ్లీ రకం. పిండిని రాత్రంతా పులియబెడితే కంటికి కనపడని సూక్ష్మజీవులు గ్యాస్ తయారు చేస్తాయి. ఆ గ్యాస్ బుడగలే ఇడ్లీకి మెత్తదనం.

రెండోది బజ్జీ రకం. శనగపిండిలో చిటికెడు వంట సోడా పడుతుంది. కేక్ కూడా ఈ జాతే. రసాయనం వల్ల గ్యాస్ పుడుతుంది.

మూడోది పూరీ రకం. ఇందులో పులియడం లేదు, సోడా లేదు. పిండిలోని నీళ్లే ఆవిరై లోపలి నుంచి నెడతాయి. పుల్కా కూడా అంతే. పాప్‌ఓవర్‌ది కూడా ఈ ఇంటిపేరే!

నీళ్లకి అంత బలం ఎక్కడిది అంటారా? లెక్క చూడండి. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లకి పైగా చోటు కావాలి. అంటే 5 మిల్లీలీటర్ల చిన్న చెంచాడు నీళ్లు 8 లీటర్ల ఆవిరి అవుతాయి. ఇంట్లో ఉన్న 5 లీటర్ల కుక్కర్‌లో కూడా పట్టనంత! ఇప్పుడు పాప్‌ఓవర్ జారులో ఎన్ని నీళ్లున్నాయో చూద్దాం. 125 గ్రాముల మైదాకి పాలలోవి, గుడ్లలోవి కలిపి 300 గ్రాములకి పైనే. అదే పూరీ పిండిలో అయితే 125 గ్రాములకి 60, 65 గ్రాముల నీళ్లు పోస్తే ఎక్కువ.

మరి అంత ఆవిరి బయటికి పారిపోకుండా ఆపేది ఏంటి? గుడ్డు, మైదా. వేడి తగలగానే పైన పొర గట్టిపడటం మొదలవుతుంది. మైదాలోని గ్లూటెన్ రబ్బరులా సాగుతుంది. లోపల ఆవిరి నెడుతుంటే పొర సాగుతూ పోతుంది, సాగి సాగి అలాగే బిగుసుకుంటుంది. లోపల ఒక పెద్ద గది మిగిలిపోతుంది. అదే గుల్ల.

అమ్మకి ముందే తెలిసిన సంగతులు

ఇక్కడ వీడియో ఆపేసి, పూరీలు వేసేటప్పుడు అమ్మని గమనించండి. నూనె కాగిందో లేదో చిన్న పిండి ముక్క వేసి చూస్తుంది. కాగని నూనెలో పూరీ వేస్తే పొంగదు, నూనె తాగుతుంది. అంటే వేడి నెమ్మదిగా అందకూడదు, ఒక్కసారిగా తగలాలి. పాప్‌ఓవర్‌కీ ఇదే మొదటి రూల్.

పూరీ వత్తేటప్పుడు చిల్లు పడనివ్వదు. చిల్లు పడితే ఆవిరి పోతుంది, పూరీ అప్పడంలా అయిపోతుంది. ఓవెన్ తలుపు మధ్యలో తీయడం కూడా పూరీకి చిల్లు పెట్టడం లాంటిదే. చల్లగాలి తగలగానే లోపలి ఆవిరి తిరిగి నీళ్లయిపోతుంది. పొర ఇంకా గట్టిపడలేదు కాబట్టి అణిగిపోతుంది.

ఇంకోటి. పూరీ పొంగగానే తీసేయదు. తిప్పి రెండో వైపు కూడా ఎర్రగా వేగనిస్తుంది. తొందరపడి తీస్తే పళ్లెంలో పడేలోపే చప్పబడుతుంది. పాప్‌ఓవర్ కూడా పొంగింది కదా అని తీసేస్తే అంతే.

చూశారా? బేకింగ్ క్లాసులో ఫీజు కట్టి నేర్చుకునే మూడు పాఠాలు మన ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నాయి. కాకపోతే వాటికి బేకింగ్ అని పేరు పెట్టలేదు.

కావాల్సినవి (6 పాప్‌ఓవర్లకి)

మైదా - 1 కప్పు (125 గ్రాములు)
పాలు - 1 కప్పు (240 మిల్లీలీటర్లు)
గుడ్లు - 3 (మన దగ్గర దొరికే మామూలు సైజువి)
ఉప్పు - అర చెంచా
కరిగించిన వెన్న లేదా నెయ్యి - 1 టేబుల్ స్పూన్
గ్లాసులకి నెయ్యి - ఒక్కోదానికి అర చెంచా

పాప్‌ఓవర్ ట్రే కోసం ఆన్‌లైన్‌లో వెతకొద్దు. టీ తాగే చిన్న స్టీల్ గ్లాసులు 6 చాలు. అడుగు సన్నంగా, మూతి వెడల్పుగా ఉంటే ఇంకా మంచిది. పొడుగు గిన్నె ఎందుకంటే, పక్కలకి పోవడానికి చోటు లేక జారు పైకే లేస్తుంది. అయితే ఓవెన్ చిన్నదైతే గ్లాసు ఎత్తు ముందే చూసుకోండి. పొంగి పై రాడ్‌కి తగిలితే మాడిపోతుంది. కింది అరలోనే పెట్టాలి.

వెన్న కంటే నెయ్యి ఎందుకు? గ్లాసుల్ని ముందే ఓవెన్‌లో కాచాలి. ఆ వేడికి వెన్నలోని పాల పదార్థం మాడి నల్లబడుతుంది. నెయ్యి తట్టుకుంటుంది. ఈ విషయంలో ఇంగ్లాండ్ వాళ్ల కంటే మనకే సౌకర్యం!

చేసే పద్ధతి

1. ఫ్రిజ్‌లో గుడ్లు, పాలు ముందే బయట పెట్టండి. పాలు గోరువెచ్చగా ఉంటే మరీ మంచిది. చల్లటి జారు వేడెక్కేలోపు పైన పొర బిగుసుకుపోతుంది.

2. గిన్నెలో గుడ్లు కొట్టి, పాలు, ఉప్పు, కరిగించిన వెన్న వేసి కవ్వంతో కలపండి. మైదా జల్లించి వేసి మళ్లీ కలపండి. చిన్న చిన్న ఉండలు ఉన్నా పర్లేదు. చిక్కటి మజ్జిగలా జారాలి. దోసె పిండిలా గట్టిగా ఉంటే ఇంకాస్త పాలు పోయండి.

3. అరగంట పక్కన పెట్టండి. మైదా నీళ్లు పీల్చుకుని సమంగా కలుస్తుంది.

4. ఈలోగా ఓవెన్‌ని 230 డిగ్రీల మీద పెట్టండి. పైన, కింద రెండు రాడ్‌లూ ఆన్‌లో ఉండాలి. చివరి 5 నిమిషాలు నెయ్యి వేసిన గ్లాసుల్ని ట్రేలో పెట్టి లోపల కాయండి.

5. ట్రే బయటికి తీసి, గబగబా ఒక్కో గ్లాసులో సగం దాకా జారు పోయండి. పోయగానే చుయ్యి మనాలి. ఆ చప్పుడు రాలేదంటే గ్లాసు కాగలేదని అర్థం. చేతికి మందపాటి గ్లవ్స్ తప్పనిసరి. గ్లాసుల్ని పట్టకారుతో పట్టుకోండి. 230 డిగ్రీల నెయ్యి చేతి మీద చిందితే బొబ్బే!

6. లోపల పెట్టి 20 నిమిషాలు తలుపు ముట్టుకోవద్దు. తర్వాత తలుపు తీయకుండానే 180కి తగ్గించి ఇంకో 15 నిమిషాలు ఉంచండి. చూడాలనిపిస్తే గాజులోంచే చూడండి.

7. ముదురు గోధుమ రంగు వచ్చాక చాకు మొనతో ఒక్కోదానికి చిన్న గాటు పెట్టండి. లోపలి ఆవిరి బయటికి పోతుంది. ఆవిరి చెయ్యి కాల్చేస్తుంది, మొహం దగ్గర పెట్టుకోవద్దు. మళ్లీ 3 నిమిషాలు లోపల పెట్టి తీసేయండి.

వెంటనే తినాలి. పూరీ కూడా చల్లారాక ఎవరు తింటారు చెప్పండి?

అన్నీ సరిగ్గా చేసినా పొంగలేదా? మీటర్ వైపు చూడండి!

ఇది ఏ రీల్‌లోనూ చెప్పరు. ఎందుకంటే ఆ రీల్ చేసేవాళ్ల ఊళ్లో ఈ బాధ ఉండకపోవచ్చు. మన దగ్గర ఎండలకి రెంటచింతల పేరు చెప్తారు కదా. అలాంటి వేసవిలో సాయంత్రం 7 తర్వాత వీధి వీధంతా ఏసీలు, కూలర్లు ఒకేసారి వేస్తారు. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది. లైటు డల్ అవుతుంది. అదే లో వోల్టేజీ.

ఓవెన్‌కి ఇది ఎంత దెబ్బో లెక్కేద్దాం. 1500 వాట్ల ఓవెన్ అని పెట్టె మీద రాసి ఉంటుంది. అది 230 వోల్టులు వచ్చినప్పటి మాట. వోల్టేజీ 190కి పడితే 1300 వాట్లయినా వస్తాయి అనుకుంటాం. కాదు! వేడి, వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది. ఇంటర్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకోండి. 190 వోల్టులకి వచ్చేది వెయ్యి వాట్ల పైన కాస్త మాత్రమే. మూడోవంతు వేడి మాయం! నాబ్ 230 డిగ్రీల దగ్గరే ఉంటుంది, లోపల మాత్రం అంత వేడి ఎక్కడానికి చాలా సేపు పడుతుంది. కాగని నూనెలో పూరీ వేసినట్టే.

మరి ఏం చేయాలి?

- ఉదయం పూట, వీధిలో లోడ్ తక్కువ ఉన్నప్పుడు చేయండి.
- 10 నిమిషాల ప్రీహీట్ సరిపోదు. 25 నిమిషాలు కాగనివ్వండి.
- ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. నాబ్ చెప్పేదీ, లోపల ఉండేదీ ఒకటేనా అని అప్పుడు తెలుస్తుంది.
- మొబైల్ చార్జర్ పెట్టే చిన్న ప్లగ్‌కి, ఎక్స్‌టెన్షన్ బోర్డ్‌కి ఓవెన్ తగిలించొద్దు. గీజర్, ఏసీ పెట్టే 16 యాంప్స్ పెద్ద ప్లగ్ వాడండి. సన్న వైరు వేడెక్కి కరుగుతుంది. అది వంటతో పోయే ప్రమాదం కాదు.

మధ్యలో కరెంటు పోతే? మొదటి 15 నిమిషాల్లో పోతే దాదాపు ఆశ వదులుకోవచ్చు. అణిగిన వాటిని ముక్కలు చేసి, పెనం మీద ఉల్లిపాయ, పచ్చిమిర్చితో వేయించుకుంటే సాయంత్రం టిఫిన్ అయిపోతుంది. చివరి 10 నిమిషాల్లో పోతే మాత్రం కంగారు పడొద్దు. తలుపు తీయకుండా అలాగే ఉంచండి. లోపలి వేడికే గట్టిపడతాయి.

కరెంటు బిల్లు భయం కూడా తీర్చేద్దాం. 1500 వాట్ల ఓవెన్ గంటసేపు ఆగకుండా మండినా 1.5 యూనిట్లే. మధ్యమధ్యలో రాడ్ ఆరిపోతుంటుంది కాబట్టి అంత కూడా కాదు.

ఎక్కడ తేడా కొట్టింది?

అసలు పొంగలేదు: వేడి చాలలేదు, లేదా జారు చిక్కగా ఉంది.

పొంగి పడిపోయింది: తొందరగా తీశారు. పై రంగు లేతగా ఉంటే లోపలి గోడలు ఇంకా తడిగానే ఉన్నట్టు. ఇంకో 5 నిమిషాలు ఉంచాల్సింది.

లోపల తడి ముద్దగా ఉంది: కాస్త తడి ఉండటం సహజమే, గుల్ల గోడలు మెత్తగానే ఉంటాయి. మరీ ముద్దగా ఉంటే గ్లాసులో జారు ఎక్కువ పోశారు, లేదా చివర గాటు పెట్టడం మర్చిపోయారు.

గ్లాసుకి అంటుకుంది: నెయ్యి అడుగునే ఉండిపోయింది. పక్కలకి కూడా బ్రష్‌తో రాయండి.

పిండిముద్ద వాసన వస్తోంది: మైదా కాలలేదు. మళ్లీ పై రెండు కారణాలే.

"మాకు ఓవెన్ లేదు కదా..."

కుక్కర్‌లో ఇసుకో, ఉప్పో పోసి కేక్ చేసినట్టు ఇది చేయొచ్చా అంటే, నేను వద్దనే అంటాను. కుక్కర్‌లో వేడి కింద నుంచే వస్తుంది, నెమ్మదిగా వస్తుంది. కేక్‌కి అది చాలు, ఎందుకంటే దాన్ని పొంగించేది బేకింగ్ పౌడర్. పాప్‌ఓవర్‌కి అన్ని వైపుల నుంచీ ఒక్కసారి వేడి తగలాలి. మామూలు మైక్రోవేవ్ కూడా పనికిరాదు. నీళ్లు మరుగుతాయి కానీ పైన పెంకు కట్టదు. కన్వెక్షన్ మోడ్ ఉంటే దాన్ని 220కి పెట్టి చేయొచ్చు. ఎయిర్ ఫ్రయర్‌లో అయితే 200 దగ్గర, చిన్న బరువైన గిన్నెల్లో రెండేసి చొప్పున చేయండి. పొంగు కాస్త తగ్గుతుంది కానీ గుల్ల వస్తుంది.

గుడ్డు తినని ఇళ్ల వాళ్లకి ఒక నిజం చెప్పాలి. గుడ్డు లేకుండా పాప్‌ఓవర్ నిలబడదు. గుడ్డే దానికి గోడ. దాని బదులు అదీ ఇదీ వేసి నిరాశ పడటం ఎందుకు? గుడ్డు లేకుండా గుల్లగా పొంగే వంటకం మన దగ్గర ఉండనే ఉంది. దాని పేరు పూరీ!

గుల్లలో ఏం పెట్టుకోవాలి?

అమెరికాలో వెన్న, స్ట్రాబెర్రీ జామ్ పెడతారు. మనకేం తక్కువ? పైన టోపీ విరిచి, వేడి మీద నెయ్యి ఓ చెంచా, పండుమిరప పచ్చడి కొంచెం వేసి చూడండి. లేదా గోంగూర పచ్చడి, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ. ఆదివారం అయితే నాటుకోడి వేపుడు ముక్కలు గుల్లలో సర్దేయండి. కారం లోపల, కరకర బయట. పిల్లలకి బెల్లం పాకం, లేదా మీగడ, మామిడి ముక్కలు. ఒక్కటే జాగ్రత్త. పులుసు ముందే పోసి పెట్టొద్దు, పెంకు మెత్తబడిపోతుంది. తినే ముందే పోసుకోండి.

ఇంకో సరదా పని చేయండి. జారు పోసిన గ్లాసుని ఒకసారి, కాలాక ఒకసారి తూకం వేయండి. సైజు పెరిగింది, బరువు తగ్గింది! పిడుగురాళ్ల సున్నపు బట్టీలో కూడా దీనికి దగ్గరి కథే. 900 డిగ్రీల వేడికి సున్నపురాయిలోని గ్యాస్ వెళ్లిపోయి, 100 కిలోల స్వచ్ఛమైన రాయికి 56 కిలోల సున్నమే మిగులుతుంది. అక్కడ పోయేది గ్యాస్, ఇక్కడ పోయేది ఆవిరి. రెండింటికీ తేలికదనం వేడి ఇచ్చిందే.

కాబట్టి ఈసారి పొంగకపోతే మీ చేతిని తిట్టుకోవద్దు. ముందు వోల్టేజీ చూడండి, తర్వాత గ్లాసు కాగిందా చూడండి, ఆ తర్వాత తలుపు ఎవరు తీశారో చూడండి. మూడూ సరిగ్గా ఉంటే రెండోసారికి తప్పకుండా పొంగుతుంది. ఆదివారం ఉదయం ఓవెన్ మీద గుడ్డ తీసి, అమ్మని కూడా పక్కన నిలబెట్టుకోండి. నూనె కాగిందని కంటితోనే చెప్పగలిగే మనిషి, ఓవెన్ సంగతి మీకంటే తొందరగా పట్టేస్తుంది. కాకపోతే ఒక్క మాట ముందే చెప్పండి: "అమ్మా, 35 నిమిషాలు తలుపు తీయకూడదు!"

వచ్చే వారం ఇంకో వంటింటి సైన్స్‌తో కలుద్దాం. బై!